పిల్ల పరీక్ష అయినంక ప్రయాణం

గోడ మీద రెండు క్యాలెండర్లు

వీసా కాగితాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పాలి. ఇది టికెట్లు అమ్మే పని కాదు. ఫారాలు నింపే పని అసలే కాదు. ఫారం ఎవరైనా నింపుతారు, నా మనవరాలు నాకంటే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుతుంది. ఒక ఇంట్లో ఉన్న అందరి తేదీలనూ ఒక్క చోటికి తెచ్చి కూర్చోబెట్టే పని ఇది. తండ్రి నౌకరీలో ఎప్పుడు చేరాలి, తల్లి కాన్పు ఎప్పుడు, అమ్మమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడు, అన్నిటికంటే ముఖ్యంగా ఎదిగిన పిల్ల పరీక్షలు ఎప్పుడు. ఇవన్నీ కుదిరిన రోజే విమానం ఎక్కాలి. నా ముప్పై ఏళ్ల నౌకరీ అంతా ఈ కుదిర్చే పనిలోనే పోయింది. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం పైఅంతస్తులో ఉండేది. మెట్లెక్కి వచ్చిన ప్రతివాడూ ముందు నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాతే నమస్తే చెప్పేవాడు. అరవైల చివర్లో నేను టైపిస్టుగా చేరినప్పుడు వారం రోజులు కళ్లనీళ్లు కారుస్తూనే టైపు కొట్టాను. కొత్త నౌకరీ అంటే బెంగ పెట్టుకున్నానని మా అమ్మ అనుకుంది. బెంగా లేదు, పాడూ లేదు, అంతా మిర్చి ఘాటు!

మా యజమాని ఖాజా సాబ్. మనిషి పొట్టి, గొంతు మాత్రం మెట్ల కింద దాకా వినపడేది. ఆయన కుర్చీ వెనక గోడకు రెండు క్యాలెండర్లు ఉండేవి. ఒకటి కింది దుకాణం వాళ్లు ఇచ్చిన లక్ష్మీదేవి బొమ్మ క్యాలెండర్. రెండోది ఆయన అట్టముక్క మీద స్వయంగా గీసుకున్నది. పదో తరగతి పరీక్షలు ఎప్పుడు, ఇంటర్ పరీక్షలు ఎప్పుడు, ఫలితాలు ఎప్పుడు, తప్పినవాళ్లు మళ్లీ రాసేది ఎప్పుడు, అన్నీ అందులో రాసి ఉండేవి. విమానాల పుస్తకం కంటే ముందు ఆ అట్టనే చూసేవాడు.

"మల్లేశం, పైలే బచ్చోంకీ ఉమర్ పూఛో, ముందు పిల్లల వయసు అడుగు. తండ్రి నౌకరీ సంగతి తర్వాత అడుగు. నౌకరీ అంటే నాలుగు దినాలు ఆగుతది. పిల్లల ఉమర్ ఆగుతదా మియా?" అనేవాడు.

ఆయనకు రెండు పట్టుదలలు ఉండేవి. పదమూడేళ్లు దాటిన పిల్లలు తమ ఫారం తామే నింపాలి, తండ్రి ముట్టుకోకూడదు. అట్లా చేస్తే పిల్లల మనసులో ఏముందో తెలుస్తుందని ఆయన నమ్మకం. రెండోది, ఆఫీసులో ఎవరు ఏది దిద్దినా పక్కన సంతకం పెట్టి, ఆనాటి తేదీ వెయ్యాలి. దిద్దిన కాగితాన్ని చింపకూడదు, ఫైల్లోనే ఉంచాలి. ఆ పాత కాగితాల దుమ్ముకు నాకు దగ్గు వచ్చేది. "సాబ్, ఇవన్నీ ఏం జేసుకుంటం? పల్లీల బండోనికి ఇద్దాం" అని ఎన్నిసార్లు అన్నానో! ఆయన వినేవాడు కాదు. వినకపోవడం ఎంత మంచిదైందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

చెవి అందితే ఐదేళ్లు

ఇప్పటి పిల్లలకు ఇది విచిత్రంగా ఉంటుంది. అప్పట్లో మా పాతబస్తీలో పిల్లను బడిలో వేయాలంటే పుట్టిన సర్టిఫికెట్ ఎవరూ అడిగేవారు కాదు. అది ఉండేది కూడా కాదు. హెడ్‌మాస్టరు పిల్లను ఎదురుగా నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవిని ముట్టుకోమనేవాడు. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మని పంపేవాడు. అందిన పిల్లకు ఐదు నిండేటట్టు లెక్క చూసి, తనకు తోచిన ఒక తేదీ రిజిస్టర్‌లో రాసేవాడు. ఆ తోచిన తేదీయే తర్వాత పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కణ్నుంచి పాస్‌పోర్టులోకి పోయేది. అట్లా పొడుగు చేతుల పిల్లలందరూ వయసుకు మించి పెద్దవాళ్లయిపోయారు. నా చేతులూ పొడుగే. నా అసలు పుట్టినరోజు ఏదో మా అమ్మ చెప్పేదాకా నాకూ తెలియదు.

ఈ తేదీల వల్ల మొదట్లోనే ఒకసారి దెబ్బ తిన్నాను. నూనె వ్యాపారం చేసే సేట్ కుటుంబం ఒకటి మస్కట్‌కు ఫైలు పెట్టింది. పెద్దబ్బాయి తేదీ బడి సర్టిఫికెట్ చూసి టైపు చేశాను. చిన్నవాడి సర్టిఫికెట్ ఇంకా రాలేదు, వాళ్లమ్మ నోటితో చెప్పిన తేదీ వేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే కదా! అన్నదమ్ములిద్దరికీ మధ్య ఐదు నెలలే తేడా వచ్చింది. ఈ ఇద్దరికీ తల్లి ఒక్కరేనా అని అడుగుతూ ఫైలు తిరిగొచ్చింది. ఆ తల్లి మెట్లెక్కి వచ్చి, తుమ్ములు కూడా తుమ్మకుండా నా మీద పడింది.

"ఏందయ్యా! నా కొడుకులకు ఇద్దరు తల్లులున్నరా అని అడుగుతరా? గంతమాట ఎట్లంటరు? నువ్వేం రాసి పంపినవ్ అసలు?"

ఖాజా సాబ్ ఆమెకు చాయ్ తెప్పించి శాంతపరిచాడు. నాకు చాయ్ లేదు, చీవాట్లే. ఆరోజు నేనొక ఒట్టు పెట్టుకున్నాను. నోటి మాట వినేది లేదు, సర్టిఫికెట్‌లో ఏముంటే అదే. దేవుడు దిగొచ్చి చెప్పినా సర్టిఫికెట్ చూపించమంటాను అనుకున్నాను. ఒక తప్పు నుంచి పాఠం నేర్చుకున్నానని పొంగిపోయాను గానీ, అరకొర పాఠం నేర్చుకున్నానని తెలియడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది.

ఎర్ర సిరా గీత

డెబ్బైల చివర్లో ఒక సెప్టెంబరు నెలలో శామ్యూల్ అనే ఆయన వచ్చాడు. కంచన్‌బాగ్‌లోని ఒక కార్ఖానాలో వెల్డరు. ఆస్ట్రేలియాలో ఓడలు కట్టేచోట పని దొరికింది, కుటుంబంతో సహా వచ్చి ఉండిపోవచ్చు. వెంట భార్య సుగుణమ్మ, ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు. సుగుణమ్మ ఆసుపత్రిలో ఆయా. ఎస్తేరు ఇంటర్ రెండో ఏడు, సైన్సు గ్రూపు. సన్నగా, పొడుగ్గా, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే పిల్ల.

ఖాజా సాబ్ అలవాటు ప్రకారం ముందు పిల్లనే పలకరించాడు. "బేటీ, నీకు పోవాలని ఉన్నదా?"

"ఉన్నది అంకుల్. కానీ పరీక్ష రాసినంకనే. అక్కడ నర్సు చదువుకు ఇంటర్ పాసయి ఉండాలె."

సుగుణమ్మ అందుకుంది. "పద్దెనిమిదేండ్ల సంది నర్సమ్మలు చెప్పిన పని చేస్తున్న సాబ్. బెడ్‌పాన్ దెమ్మంటే తెస్త, బట్టలు మార్చుమంటే మారుస్త. నా బిడ్డ చెప్పేటి కుర్చీల కూసోవాలె. పరీక్ష రాయకుండ నేనైతే విమానం ఎక్క."

శామ్యూల్ నవ్వి, "ఇంట్ల నా మాట నడవదన్నా" అన్నాడు.

వాళ్ల ఫైలు మీద షరతు ఒకటుంది. పిల్ల పద్దెనిమిది నిండకముందే ఆ దేశంలో కాలు పెడితేనే తండ్రి ఫైలు మీద వెళ్లగలదు. నిండితే సొంతంగా దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడే ఇంటర్ రాసిన పిల్లకు సొంతంగా వీసా ఎవరిస్తారు? తల్లిదండ్రులు అక్కడ, పిల్ల ఇక్కడ ఏదో ఒక హాస్టల్లో, ఎన్నేళ్లో తెలియదు.

ఎస్తేరు నా బల్ల పక్కన కూర్చుని తన ఫారం తనే నింపింది. పుట్టిన తేదీ దగ్గర డిసెంబరు రెండు అని రాసింది. నేను సర్టిఫికెట్ తీసి చూశాను. అందులో అదే ఏడాది మే పది అని ఉంది.

"గిదేంది బిడ్డా? సర్టిఫికెట్ల మే పది ఉన్నది."

"అది బడిల రాసింది అంకుల్. నేను పుట్టింది డిసెంబర్ల. ప్రతి ఏడు క్రిస్మస్‌కు ముందు అమ్మ పాయసం వండుతది."

"పాయసం సంగతి నాకొద్దు. సర్టిఫికెట్ల ఏమున్నదో గదే రాయాలె" అని ఎర్ర సిరాతో ఆ డిసెంబరు రెండును అడ్డంగా కొట్టేశాను. పక్కన మే పది వేసి, సంతకం పెట్టి, ఆనాటి తేదీ వేశాను. ఆ పిల్ల ఏదో అనబోయింది. నేను అప్పటికే కొత్త ఫారం టైపు మిషన్లో ఎక్కించాను. నూనె సేట్ ఇంటి సంగతి గుర్తుకు తెచ్చుకుని, ఈసారి బతికిపోయానని మీసం కూడా దువ్వుకున్నాను.

మే పది లెక్కన చూసినా నాకు ఫికర్ లేదు. ఇంటర్ పరీక్షలు ఏప్రిల్ మొదటి వారంలో అయిపోతాయి. పుట్టినరోజుకు ముందు నెలరోజులు చేతిలో ఉన్నాయి. ఇక వీసాకు కావలసిన డాక్టరు పరీక్ష. ఈ పనిలోకి వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది. వీసా గడువు, డాక్టరు పరీక్ష జరిగిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ఇంట్లోవాళ్లకు ఆత్రం ఎక్కువ, ఫైలు పెట్టిన మర్నాడే ఎక్స్‌రేలకు పరిగెత్తుతారు. తీరా పిల్ల పరీక్షలు అయ్యేసరికి గడువు దాటిపోతుంది. నేను శామ్యూల్‌ను డిసెంబరు చివరిదాకా ఆపాను. ఆయన వారానికోసారి వచ్చి, "అన్నా, ఇంక పోదామా డాక్టరు దగ్గరికి?" అని అడిగేవాడు. "కూసో భాయ్, చాయ్ తాగు" అనేవాణ్ని. వీసా జూన్ ఆఖరిదాకా చెల్లేటట్టు వచ్చింది. అంత అందంగా కుదిరిన ఫైలు నా చేతుల మీదుగా అంతకుముందు పోలేదు. ఖాజా సాబ్ కూడా "షాబాష్" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప.

కెమిస్ట్రీ కొంప ముంచింది

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున శామ్యూల్ కుటుంబం మొత్తం మెట్లెక్కి వచ్చింది. పేపర్లు ముందే బయటపడ్డాయని ఆ ఏడు కెమిస్ట్రీ పరీక్ష రద్దు చేశారు. మళ్లీ పెట్టేది మే ఇరవై తారీకున. నేను గోడ మీది అట్ట వైపు చూశాను. మే పదికి పిల్లకు కాగితం మీద పద్దెనిమిది నిండుతాయి. పరీక్ష ఆ తర్వాత పది రోజులకు.

ముందుగా వెళ్లిపోతే ఇంటర్ లేదు, నర్సు చదువు లేదు. ఉండి రాస్తే వీసా లేదు.

శామ్యూల్ నెత్తి పట్టుకున్నాడు. "పోదాం బిడ్డా. పరీక్షదేమున్నది, అక్కడ ఇంకేదన్న చదువుకుంటవు."

ఎస్తేరు గొంతు పెంచలేదు. "బాపూ, రెండేండ్లు చదివిన. ఒక్క పేపరు మిగిలింది. మీరు పోండ్రి, నేను రాసి ఇక్కడనే ఉంట."

ఆ మాటకు సుగుణమ్మ కుర్చీలో కూలబడింది. "నువ్వు లేంది నాకు ఆ దేశమెందుకే? ఎవల కోసం పోతున్నం మేము?" అని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఈసారి మిర్చి ఘాటు కాదు.

అప్పుడు ఎస్తేరు నా వైపు తిరిగింది. "అంకుల్, నేను మొదలే రాసిన కదా, డిసెంబరు రెండని. మీరే కొట్టేసిండ్రు."

డిసెంబరు లెక్క అయితే ఆ పిల్లకు ఇంకా ఏడు నెలల టైముంది. పరీక్షా రాయొచ్చు, ఫలితమూ చూసుకోవచ్చు. ఆ సంగతి ఆ పిల్ల తన చేత్తో రాసి నా ముందు పెడితే, సంగతేంటని ఒక్క ప్రశ్న అడగకుండా గీత కొట్టాను. ఆరోజే అడిగి ఉంటే ఆరు నెలల ముందే ఆ సంగతి ఫైల్లో పెట్టి పంపేవాళ్లం.

శామ్యూల్ తలవంచుకుని అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "తప్పు నాదన్నా. సుగుణకు ఆసుపత్రి డ్యూటీ, నాకు కార్ఖానా డ్యూటీ. పిల్లను ఇంట్ల చూసుకునేటోళ్లు లేరు. నాలుగున్నరేండ్లకే బడికి తోలుకపోయిన. ఇంట్ల వారం దినాలు చెవి ముట్టుకునుడు నేర్పిచ్చిన. హెడ్‌మాస్టర్ ముంగట ముట్టుకున్నది. ఆయన మే పది అని రాసుకుని, ముందుగాల ఒక ఏడు శిశు తరగతిల కూసోబెట్టిండు. నేను మాట్లాడకుంట ఊకున్న."

కింద వీధిలో ఒక దళారీ ఉండేవాడు. రెండు రోజుల్లో ఏ ఊరి ముద్రతో కావాలంటే ఆ ఊరి ముద్రతో పుట్టిన సర్టిఫికెట్ పుట్టించేవాడు. శామ్యూల్‌ను మెట్ల మీదే పట్టుకుని చెవిలో ఊదాడట. ఆ మాట తెలిసి ఖాజా సాబ్ మండిపోయాడు. ఇట్లాంటి దళారీల గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. వాళ్ల దొంగ కాగితాల పుణ్యమా అని నిజమైన కాగితాలు పట్టుకుపోయిన వాళ్లను కూడా దొంగల్లా చూసే రోజులు వచ్చాయి.

"సచ్ బోల్ దో. పూరా సచ్, ఉన్న నిజమంత చెప్పుండ్రి" అన్నాడు ఖాజా సాబ్. "చర్చిల రిజిస్టర్ ఉంటది కదా?"

ఉంది. ఎస్తేరుకు పుట్టిన మూడో వారంలో బాప్తిస్మం ఇచ్చారు. ఆరోజే చర్చి అయ్యగారు పుస్తకంలో పుట్టిన తేదీ కూడా రాశారు. కానీ శామ్యూల్‌కు భయం. "బడిల అబద్ధం చెప్పినమని ఒప్పుకుంటే ఫైలు మొత్తం కొట్టేస్తరేమో సాబ్? నాకు కొలువు పోతది, ముగ్గురం ఈడనే ఉంటం."

నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. ఖాజా సాబ్ లేచి, అల్మారా తీసి, దుమ్ము దులిపి, శామ్యూల్ ఫైల్లోంచి ఒక కాగితం బయటికి లాగాడు. ఎస్తేరు చేతిరాత ఫారం అది. డిసెంబరు రెండు, దాని మీద నా ఎర్ర గీత, పక్కన నా సంతకం, సెప్టెంబరు నెల తేదీ.

"పల్లీల బండోనికి ఇద్దామంటివి కదా మియా?" అన్నాడు.

సార్ చెయ్యి తల మీదికి

వీసా ఆఫీసు ఢిల్లీలో ఉంది. సుగుణమ్మకు తెలుగు తప్ప రాదు కాబట్టి, దుబాసీగా నేనూ వాళ్లతో ఢిల్లీ రైలెక్కాను. దారి పొడవునా శామ్యూల్ కిటికీలోంచి బయటికే చూశాడు. సుగుణమ్మ మాత్రం నాకు పులిహోర పెడుతూనే ఉంది. ఎస్తేరు పై బెర్తు మీద కెమిస్ట్రీ పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. ఆ ధైర్యం చూసి నాకే సిగ్గేసింది.

వీసా ఆఫీసరు చాలా పొడుగు మనిషి, మంచివాడే గానీ నవ్వు తక్కువ. చర్చి కాగితం తీసుకుని బల్ల మీద పెట్టి, "పుట్టినరోజు దగ్గరపడ్డాక తేదీ తప్పని చెప్పే కుటుంబాలు నా దగ్గరికి చాలా వస్తాయి" అన్నాడు ఇంగ్లీషులో.

నేను ఎర్ర గీత ఫారం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఈ ఎర్ర సిరా ఎవరిది?"

"నాదే సార్."

"తేదీ సెప్టెంబరులో వేసి ఉంది. అప్పటికి పరీక్ష వాయిదా పడలేదు కదా?"

"లేదు సార్. అప్పటికి ఏ తేదీ అయినా వీళ్లకు ఒకటే. ఆ పిల్ల నిజం రాసింది. నేను కొట్టేశాను."

"ఎందుకు?"

"మూర్ఖత్వం సార్" అన్నాను.

ఆయన శామ్యూల్ వైపు తిరిగాడు. శామ్యూల్ లేచి నిలబడి, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే బడి సంగతి మొత్తం చెప్పేశాడు. నాలుగున్నరేళ్లు, ఆసుపత్రి డ్యూటీ, వారం రోజుల శిక్షణ, ఏదీ దాచలేదు. ఆఫీసరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవి ముట్టుకోవడానికీ వయసుకూ సంబంధం ఏమిటని మళ్లీ మళ్లీ అడిగాడు.

సుగుణమ్మకు ఓపిక నశించింది. "గింత సదువుకున్నోడు, గిది తెలువదా?" అని నాతో అని, లేచి నిలబడి, కుడిచేయి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకుంది. "గిట్ల సార్, గిట్ల! నా బిడ్డ గిట్ల ముట్టుకున్నది. నాలుగున్నరేండ్లకే అందింది. చేతులు పొడుగు, నేనేం జెయ్యాలె?"

నేను తర్జుమా చేసేలోపే ఆఫీసరు తన చేతిని తల మీదికి పోనిచ్చాడు. చెవి అందింది. ఆ చేతిని అట్లాగే ఉంచి ఎస్తేరు వైపు చూశాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక మొహం కెమిస్ట్రీ పుస్తకం వెనక దాచుకుంది. ఆయనా నవ్వేశాడు.

నవ్వినంత మాత్రాన పని అయిపోయిందనుకోకండి. ఆయన చర్చికి తానే సొంతంగా ఉత్తరం రాసి, అయ్యగారి జవాబు నేరుగా తెప్పించుకున్నాడు. మంచి ఆఫీసరు అంటే అట్లా ఉండాలి, నమ్మాలనుకున్నా ఒకసారి చూసుకోవాలి. మే ఆరున మాకు కబురు అందింది. చర్చి తేదీనే తమ ఫైలు మీద లెక్కకు తీసుకున్నామని, వీసా మునుపటిలాగే జూన్ ఆఖరిదాకా చెల్లుతుందని రాశారు. ఆరోజు ఖాజా సాబ్ కింది మిర్చి దుకాణం వాళ్లకు కూడా మిఠాయి పంచాడు. నన్ను మాత్రం సాయంత్రం దాకా "క్యా మియా, మూర్ఖ్ సాబ్!" అని పిలిచాడు.

మే ఇరవైన పరీక్ష సెంటరు గేటు బయట శామ్యూల్, సుగుణమ్మ, నేను మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డాం. నాకక్కడ ఏం పనని అడక్కండి. ఎస్తేరు బయటికి వచ్చింది. ఎట్లా రాశావని అడిగితే, "మస్తు రాసిన" అని చెంబు ఎత్తి గటగటా తాగేసింది.

బేగంపేటలో

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పెద్ద పెద్ద నీతులు నేను చెప్పను. ఫారంలో ఒక పిల్ల రాసినది, సర్టిఫికెట్‌లో ఉన్నది వేరుగా కనిపిస్తే, పెన్ను కింద పెట్టి "ఏం సంగతి బిడ్డా?" అని అడగండి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు అడగలేకపోయినందుకు ఒక తల్లి కుర్చీలో కూలబడి ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా పిల్లలు రాసిన ఏ అక్షరం మీదా నేను గీత పెట్టలేదు. ఎర్ర సిరా బుడ్డి ఖాజా సాబ్‌కు తిరిగి ఇచ్చేశాను.

పరీక్ష ఫలితం ఏమైందోనని మీకు ఉంటుంది కాబట్టి ముందే చెప్పేస్తాను. వాళ్లు వెళ్లాక ఫలితాలు పేపర్లో వచ్చాయి. ఎస్తేరు నంబరు ఫస్ట్ క్లాసు వరుసలో ఉంది. నేనే తపాలా ఆఫీసుకు పోయి తంతి ఇచ్చాను. ఆ పిల్ల తర్వాత నర్సు అయింది, తర్వాత వార్డుకే పెద్ద అయింది. చెప్పే కుర్చీలో కూర్చుందని సుగుణమ్మ ఎవరి చేతనో రాయించి ఉత్తరం పంపింది.

కానీ నాకు గుర్తుండిపోయింది జూన్ మొదట్లో బేగంపేట విమానాశ్రయంలో జరిగింది. దేశం దాటేటప్పుడు ఇవ్వాల్సిన ప్రయాణం కార్డు నింపడానికి ఎస్తేరు నా పెన్ను అడిగింది. పుట్టిన తేదీ దగ్గర ఆగి, "అంకుల్, పాస్‌పోర్టుల ఉన్నదే రాయాల్నా?" అంది.

"ఈడ గదే రాయాలె బిడ్డా. నీ అసలు తేదీ వాళ్ల ఫైల్ల ఉన్నది, మా అల్మారాల ఉన్నది. నేను ఉన్నన్ని దినాలు ఏడికీ పోదు" అన్నాను.

రాసింది. పెన్ను తిరిగి ఇచ్చింది. శామ్యూల్ నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. సుగుణమ్మ కళ్లు ఒత్తుకుంటూ, దారిలో తినమని నాకే మురుకుల పొట్లం ఇచ్చింది. ప్రయాణం వాళ్లది, పొట్లం నాది! ముగ్గురూ నడుచుకుంటూ విమానం దగ్గరికి పోయారు. మేమంతా కటకటాల ఇవతల నిలబడి చేతులు ఊపుతున్నాం.

విమానం మెట్ల పైన ఎస్తేరు ఒక్క క్షణం ఆగి, మా వైపు తిరిగింది. చెయ్యి ఊపుతుందనుకున్నాను. ఊపలేదు. కుడిచేతిని తల మీదుగా తెచ్చి, ఎడమ చెవి పట్టుకుని నిలబడి నవ్వింది.

చుట్టూ జనం చూస్తున్నారు. పక్కన ఖాజా సాబ్ ఉన్నాడు. నాకు నలభై దగ్గర పడుతున్నాయి, చంకలో మురుకుల పొట్లం ఉంది. అయినా నేనూ చెయ్యి తల మీదికి పోనిచ్చి చెవి పట్టుకున్నాను. ఆ పిల్ల లోపలికి పోయేదాకా వదల్లేదు.